‘పంపిణీ’ కాదు, ‘పంపకం’

ప్రశ్న: సమకాలీన ఫ్రెంచి తత్త్వవేత్తలు కళ గురించి చేసిన ఆలోచనలపై తెలుగులో వ్యాసం రాస్తున్నాను. జాక్ రాన్సియేర్ వాడిన ‘పర్తాజ్ దు సాన్సీబ్ల్’ను ఇంగ్లీషు అనువాదం చూసి ‘ఇంద్రియానుభవ పంపిణీ’ అన్నాను. ‘వివేకవంతమైన పంపిణీ’ అనాలని ఒక మిత్రుడి సలహా. ఏది సరైనది? ‘ఎస్తెటిక్’కు ‘సౌందర్యశాస్త్రం’ అనవచ్చునా? జిల్ డెల్యూజ్ పుస్తకాన్ని ‘సంచలన తర్కం’ అనవచ్చునా?
– ఒక పరిశోధక విద్యార్థిని

సమాధానం: ముందు మీ మిత్రుడి సలహా సంగతి. ‘సెన్సిబుల్’ అంటే ఇంగ్లీషులో వివేకం గల అని. ఫ్రెంచి తత్త్వశాస్త్రంలో ‘సాన్సీబ్ల్’ అంటే ఇంద్రియాలకు అందేది. అక్షరాలు ఒకటే అయినా అర్థాలు వేరు. కాబట్టి ‘వివేకవంతమైన’ పొరపాటు.

నా అభ్యంతరం అంతకంటే ఎక్కువగా ‘పంపిణీ’ మీద. బియ్యం పంపిణీ చేస్తారు, పింఛన్లు పంపిణీ చేస్తారు. ఇచ్చే చెయ్యి పైన ఉంటుంది, పుచ్చుకునే చేతులు కింద ఉంటాయి. పంపకం అలాంటిది కాదు. అది అన్నదమ్ముల మధ్య జరుగుతుంది. ఉన్నది అందరిదీ అని ఒప్పుకున్నాకే పంపకానికి కూర్చుంటారు, లేచేసరికి పొలం మధ్య గట్టు పడుతుంది. ఫ్రెంచి ‘పర్తాజ్’ స్వభావం సరిగ్గా ఇదే: కలిపేదీ విడదీసేదీ ఒకే మాట. ఇంగ్లీషులో ఆ రెండూ ఒక్క మాటలో ఇమడవు; 2004 నాటి అనువాదం ‘పంపిణీ’ వైపు మొగ్గింది. మనకు ఆ ఇబ్బంది లేదు. ‘అన్నదమ్ములు పొలం పంచుకున్నారు’ అంటే వేరుపడ్డారని. ‘స్నేహితులు బాధ పంచుకున్నారు’ అంటే దగ్గరయ్యారని. క్రియ ఒక్కటే. ఇంత చక్కటి మాట ఇంట్లో ఉండగా ఇంగ్లీషు గుమ్మం దాకా వెళ్లడం ఎందుకు?

‘పాలుపంచుకోవడం’ కూడా మరువకండి. ‘పాలు’ అంటే వాటా. రాన్సియేర్ 2000లో వెలువరించిన చిన్న పుస్తకంలో, పాలించడంలోనూ పాలింపబడడంలోనూ పాలు గలవాడే పౌరుడన్న అరిస్టాటిల్ మాటను తలుస్తాడు. అయితే ఎవరు పాలుపంచుకోవచ్చో తేల్చే పంపకం అంతకు ముందే జరిగిపోయిందంటాడు. చేతిపనివాళ్లకు మరో వ్యవహారం చూసే తీరిక లేదని, పని వాళ్ల కోసం ఆగదని ప్లేటో చెప్పలేదా? తీరిక ఎవరికుంది, ఎవరి గొంతు మాటగా వినిపిస్తుంది, ఎవరిది వట్టి రొదగా మిగులుతుంది, ఎవరు కంటికి ఆనుతారు – ఇదంతా ఆ పంపకమే. కళ ఈ గట్లను కదిలించగలదు గనుకనే కళకూ రాజకీయానికీ మూలంలోనే చుట్టరికం ఉందని ఆయన వాదన.

దీనికి ఆయన చూపే ఒక ఉదాహరణ నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. గాబ్రియేల్ గొని అనే పారిస్ వడ్రంగి రాసిన కొన్ని వాక్యాలు 1848లో ఒక కార్మిక పత్రికలో వచ్చాయి. పరాయి ఇంట్లో చెక్కనేల పరిచే పనివాడు, ఆ గది పూర్తయ్యేదాకా అది తన ఇల్లే అనుకుంటాడు. కిటికీ ఏ తోట మీదికో తెరుచుకుంటే క్షణం చేతులు ఆపి, చుట్టుపక్కల ఇళ్ల సొంతదారుల కన్నా మిన్నగా ఆ దృశ్యాన్ని అనుభవిస్తాడు. పాత పంపకంలో అతని వాటాకు వచ్చినవి పనిచేసే చేతులే. చూపును తనంతట తానే తీసుకున్నాడు. ఎవరూ అతనికి దాన్ని పంపిణీ చేయలేదు.

ఇక ‘ఇంద్రియానుభవం’. అనుభవం ఒకరి లోపలిది. రాన్సియేర్ చెప్పేది నలుగురి ముందూ పరుచుకున్నదాని గురించి. అందుకు ‘గోచరం’ మేలు. మొదట దాని అర్థం ఆవులు మేసే బయలు. ఆ తరువాతే ఇంద్రియాలు తిరుగాడే మేర అయింది. ‘గోచరపు పంపకం’ అనండి. ఇది సంస్కృత పదాన్నీ తెలుగు పదాన్నీ కలపకూడని తీరున కలిపిన వైరిసమాసమని ఎవరైనా అంటే కంగారు పడకండి. ‘గోచరం’ తెలుగు ప్రత్యయంతో తత్సమమై, తెలుగు పద్ధతిలోనే ‘పంపకం’తో కలిసింది.

‘సౌందర్యశాస్త్రం’ వాడుకలో స్థిరపడిన మాట, పాత అర్థంలో ఉండనివ్వండి. కానీ 1735లో జర్మన్ తత్త్వవేత్త బౌమ్‌గార్టెన్ ‘ఎస్తెటిక్’ను మలచుకున్న గ్రీకు మాటకు అర్థం ఇంద్రియజ్ఞానం, అందం కాదు. పైగా మరో ఫ్రెంచి తత్త్వవేత్త అలాన్ బాద్యూ 1998లో ‘ఇనెస్తెటిక్’ అన్నాడు: సత్యాలను కళ తానే పుట్టిస్తుంది, తత్త్వశాస్త్రం దాన్ని తన వస్తువుగా చేసుకోకూడదు అని. దాన్ని ‘అసౌందర్యశాస్త్రం’ అంటే పాఠకుడికి కురూపం గుర్తొస్తుంది. ఈ రచయితల దగ్గర ఇంగ్లీషు రూపం ‘ఈస్తటిక్స్’నే ఉంచి, ఒకసారి వివరించండి.

డెల్యూజ్ పుస్తకం పేరులోని ‘సెన్సేషన్’కు ‘సంచలనం’ మాత్రం వద్దు. అది పత్రికల మాట, ఊరంతా గగ్గోలెత్తించే వార్తకు చెల్లుతుంది. 1981 నాటి ఆ పుస్తకంలో డెల్యూజ్ చూసేది ఇరవయ్యో శతాబ్దపు చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్ చిత్రాలను. నోరు తెరిచి అరుస్తున్న పోపును బేకన్ చిత్రించాడు. ఆ అరుపుకు కారణమైన భయానకం మాత్రం చిత్రంలో కనిపించదు. భయానకాన్ని కాక అరుపునే చిత్రించాలనుకున్నానని బేకన్ చెప్పుకున్నాడు. కారణం చూపితే అది కథ అవుతుంది, నరాలను తాకదు. కథ దారిన తిరిగి రాకుండా నేరుగా ఒంటికి తగిలే దాన్ని ‘సంవేదన’ అనాలి. పుస్తకం పేరు ‘సంవేదన తర్కం’.