ఫీడ్ ఇస్తే హక్కు ఇచ్చినట్టేనా?

ప్రశ్న: కొబ్బరి ధరలు, తోటల సంరక్షణ గురించి రైతుల కోసం వర్డ్‌ప్రెస్‌లో వెబ్‌సైటు నడుపుతున్నాను. మా ఫీడ్ తీసుకుని తమ పేజీల్లో వేసుకుంటామని ఒక వార్తా సైటువారు అడుగుతున్నారు. అసలు ఫీడ్ అంటే ఏమిటి? ఇస్తే మా సైటుకు వచ్చేవారు తగ్గిపోరా?
– ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: వారు అడగకముందే మీ ఫీడ్ బయట ఉంది. వర్డ్‌ప్రెస్ దాన్ని తనంతట తానే తయారుచేస్తుంది. మీ సైటు చిరునామా చివర స్లాష్ పెట్టి ఇంగ్లీషు అక్షరాల్లో ఫీడ్ అని కొడితే తెరుచుకుంటుంది. అది యంత్రాలు చదువుకోవడానికి ఎక్స్‌ఎంఎల్‌లో రాసిన ఫైలు. అందులో ఒక్కో వ్యాసానికి శీర్షిక, లింకు, తేదీ, సారాంశమో పూర్తి పాఠమో, దానితోపాటు జీయూఐడీ అనే గుర్తింపు ఉంటాయి. పంచాయతీ ఆఫీసు నోటీసు బోర్డులాగే ఇది ఎవరింటికీ వెళ్లదు. చదువరుల యాప్‌లే అప్పుడప్పుడు వచ్చి కొత్తదేముందో చూసుకుని పోతాయి. మార్పేమీ లేకపోతే సర్వర్ 304 అనే సంకేతం మాత్రమే పంపి ఊరుకుంటుంది కాబట్టి భారం పెద్దగా పడదు.

ఇలాంటి ఫీడ్లు రాసే పద్ధతుల్లో ఒకదాని పేరు ఆర్‌ఎస్‌ఎస్. 1999లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో మొదలైన దాని తొలిరూపాన్ని తయారుచేసినవారిలో ఐఐటీ మద్రాసులో చదివిన ఆర్.వి. గుహా ఒకరు. 2013లో ఫీడ్లు చదివిపెట్టే గూగుల్ రీడర్ మూతపడగానే ఫీడ్ల పని అయిపోయిందని చాలామంది తేల్చేశారు గాని, పాడ్‌కాస్టులు ఇవాళ్టికీ ఆర్‌ఎస్‌ఎస్ మీదే నడుస్తున్నాయి.

ఇక అసలు సంగతి. ఫీడ్ తెరిచి ఉందంటే ఎవరైనా చదువుకోవచ్చని అర్థమే గాని, ఎవరైనా తిరిగి ప్రచురించుకోవచ్చని కాదు. ఉత్త ధర అంకె మీద కాపీరైటు ఉండదు. ఆ ధర ఎందుకు పడిందో వివరిస్తూ మీరు రాసిన వ్యాసం మీద ఉంటుంది. అందువల్ల నోటిమాటతో ఒప్పుకోక, ఏవి వేసుకోవచ్చో, శీర్షిక కింద మీ సైటు పేరు, లింకు ఎలా ఉండాలో రాతపూర్వకంగా తీసుకోండి. పూర్తి వ్యాసాలు ఇవ్వదలిస్తే ఆ పేజీలను వెతుకులాటలో చూపవద్దని సెర్చ్ ఇంజన్లకు చెప్పే నోఇండెక్స్ గుర్తు పెట్టమని అడగండి. అసలు వ్యాసం ఎక్కడుందో సూచించే కానానికల్ లింకు కన్నా ఇదే ఫలిస్తుందని గూగుల్ సూచనలే చెబుతున్నాయి. దీనికి ఒప్పుకోని సైటుకు పూర్తి పాఠం ఇవ్వకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లోని రీడింగ్ పేజీలో, ఫీడ్‌లో సారాంశం మాత్రమే చూపేలా మార్చుకునే వీలుంది గాని, ఆ మార్పు మీ ఫీడ్ చదివే రైతులకూ వర్తిస్తుంది. దానికన్నా, వర్డ్‌ప్రెస్ ప్రతి కేటగిరీకీ విడిగా ఫీడ్ ఇస్తుంది కాబట్టి ధరల కేటగిరీ ఫీడ్‌ను మాత్రం ఆ వార్తా సైటువారికి ఇవ్వండి. ఒకసారి తీసుకున్న పాఠాన్ని మళ్లీ సరిచూడని సైట్లూ ఉంటాయి. మీరు దిద్దిన ధర అక్కడ దిద్దుబాటు కాకపోవచ్చు. అందుకని మార్కెట్ పేరు, తేదీ శీర్షికలోనే రాయండి. నిన్నటి ధర నేటిదిగా చెలామణీ అయితే నష్టపోయేది కాయలు అమ్ముకునే రైతే.

ప్రశ్న: రొయ్యల కౌంటు ధరలు పెట్టే మా సైటును తెలిసినవారు సొంతంగా రాసిచ్చారు. ధర సవరించినప్పుడల్లా ఫీడ్‌లో పాత వార్తే కొత్తదిగా మళ్లీ కనిపిస్తోంది. తేదీలూ తారుమారవుతున్నాయి.
– మరో పాఠకుడు, భీమవరం

జవాబు: మీవారు పేజీ చిరునామాలో ధరను కూడా చేర్చి, ఆ చిరునామానే జీయూఐడీగా వాడుతున్నారేమో చూడండి. 100 కౌంటు (కిలోకు వంద తూగే రొయ్యలు) ధర అంకె మారగానే చిరునామా మారుతుంది, దానితో గుర్తింపూ మారుతుంది. రీడర్ యాప్ దాన్ని కొత్త వార్తగానే లెక్కిస్తుంది. వార్త మొదటిసారి పెట్టినప్పుడు డేటాబేసులో పడిన వరుస సంఖ్యను జీయూఐడీలో వాడితే, తరువాత ఏది దిద్దినా అది మారదు. అయితే ఆ సంఖ్య పేజీ చిరునామా కాదని తెలిసేలా జీయూఐడీకి ఉండే ఈజ్‌పర్మలింక్ అనే గుణానికి ఫాల్స్ అని ఇవ్వాలి.

తేదీల తికమకకు ముఖ్యంగా రెండు కారణాలు ఉంటాయి. ఆర్‌ఎస్‌ఎస్ తేదీలో నెల, వారం పేర్లు ఇంగ్లీషు పొట్టి రూపంలోనే ఉండాలి. తెలుగులో రాస్తే చాలా యాప్‌లు చదవలేవు. సమయం చివర మన దేశపు +0530 చేర్చకపోయినా గంటలు అటూఇటూ అవుతాయి. శీర్షికలో యాంపర్‌సాండ్ (&) గుర్తును ఉన్నదున్నట్టు వదిలేస్తే ఫీడ్ మొత్తం తెరుచుకోకుండా పోయే ప్రమాదమూ ఉంది గనుక, పనిలో పనిగా దాన్నీ చూడమనండి.