నెత్తికెంత, ఒంటికెంత: నూనెల మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఆముదం మీదే. పాలమూరు, నల్లగొండ చెలకల్లో పండే పంట కాబట్టి వింతేం లేదు. అందుకే దానికే ఎక్కువ చోటిస్తున్నాం.

ప్రశ్న: గానుగ నుంచి తెచ్చిన చిక్కటి ఆముదం రాత్రి నెత్తికి దండిగా పట్టించిన. పొద్దున తలకు పోసుకుంటుంటే వెనక జుట్టంతా పిట్టగూడులెక్క ముద్దయి అత్తుకుపోయింది. దువ్వెన దిగుతలేదు. కత్తిరించాల్సిందేనా?
ఒక పాఠకురాలు, కల్వకుర్తి

జవాబు: వెంటనే కత్తెర పట్టకండి. అలాగని మళ్లీ నీళ్లు పోసి రుద్దడం అంతకన్నా చేటు. ఆముదం మిగతా నూనెలకన్నా ఎంతో చిక్కన, జిగట ఎక్కువ. నీళ్లు తగిలితే వెంట్రుక పైపొర పొలుసులు లేస్తాయి. అలాంటి పొడవు జుట్టును నెత్తిమీదికి కుప్పేసి గుండ్రంగా రుద్దితే ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. ఉన్నిని తొక్కి కంబళి గట్టిపరిచినట్టే ఇదీ.

ముద్ద పూర్తిగా తడిసేలా కొబ్బరినూనె గానీ కండిషనర్ గానీ పట్టించి అరగంట ఆగండి. తర్వాత ముద్దను పైన ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, కింది అంచు నుంచి నాలుగైదు వెంట్రుకల చొప్పున వేళ్లతో విడదీయండి. కుదుళ్ల వైపు నుంచి లాగొద్దు. కొంత విడిపోయాకే వెడల్పు పళ్ల దువ్వెన. రెండు మూడు పూటలు పట్టొచ్చు, ఇంట్లో ఇంకొకరి చేయి సాయం తీసుకోండి. రాయిలా గట్టిపడి వేలు కూడా దూరకపోతే మాత్రం ఆ మేరకు కత్తిరించక తప్పదు.

ఇకమీదట ఒక వంతు ఆముదానికి మూడు వంతుల కొబ్బరినూనె కలపండి. గిన్నెను వేడినీళ్లలో పెడితే రెండూ బాగా కలుస్తాయి. నడుము దాకా జుట్టున్నా మాడుకు రెండు చెంచాలు చాలు. ముందు చిక్కు తీసి, నూనె రాసి, గంట రెండు గంటలకు జుట్టును కిందికి వదిలి నిలువునా కడగండి. ఉప్పు బోరు నీళ్లుంటే ఒంటి సబ్బు జుట్టుకు వాడొద్దు. నీళ్లలోని సున్నంతో సబ్బు కలిసి తెల్లటి జిడ్డుగా వెంట్రుకలకే పడుతుంది. కుంకుడు రసానికి ఆ ఇబ్బంది లేదు: పది కాయల గింజలు తీసి, అరలీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిసికి వడకట్టుకోండి. కండ్లలో పడనీయకండి.

ఆముదం జుట్టును మొలిపిస్తుందనడానికి గట్టి రుజువు లేదు. వెంట్రుకకు పూతలా పట్టి ఒత్తుగా, నిగనిగలాడేలా చూపిస్తుంది, అంతే.

ప్రశ్న: గుంటగలగరాకుతో కాచిన నూనె నెల తిరగకముందే బూజు పట్టింది. ఎందుకు?
నారాయణపేట

జవాబు: ఆకులో తడి మిగిలింది. పావు లీటరు కొబ్బరినూనెకు రెండు గుప్పెళ్ల ఆకు చాలు. కడిగి, బట్ట మీద నీడన ఒకరోజు ఆరబెట్టి, కచ్చాపచ్చాగా దంచండి. నూనె పొంగుతుంది కాబట్టి గిన్నె సగానికే నింపి, సన్నని సెగ మీద కాచండి. చిటపటలు ఆగి, నురగ తగ్గి, ఆకు ముద్ద వేళ్ల మధ్య నలిపితే గలగలమనాలి. అనుమానముంటే ఆ నూనెలో చిన్న దూది వత్తి ముంచి, పొయ్యికి దూరంగా వెలిగించి చూడండి. చిటపటమంటే ఇంకా నీరుంది, నిశ్శబ్దంగా వెలిగితే దించేయొచ్చు. చల్లారాక వడకట్టి, ఎండలో ఆరిన గాజు సీసాలో పోయండి. ఇనుప మూకుడులోనే వదిలేస్తే తొందరగా ముక్కవాసన వస్తుంది. బూజు పట్టినదాన్ని మళ్లీ కాచి వాడొద్దు, పారబోయండి. నెరిసిన వెంట్రుకను ఈ నూనె నల్లబరచదని కూడా తెలుసుకోండి.

ప్రశ్న: మా మనవరాలికి రెండో నెల. స్నానానికి ముందు ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయాలంటాను. కోడలు వద్దంటుంది.
హాలియా

జవాబు: కోడలి మాటే నిజం. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. చెవిలో కూడా వద్దు. వేపనూనె చుక్క కూడా తాగించకండి, పసిపిల్లలకు అది ప్రాణం మీదికి తెస్తుంది. ఒంటికి కొబ్బరినూనె గానీ పొద్దుతిరుగుడు నూనె గానీ రెండు చెంచాలు, మెత్తగా, నొక్కిపెట్టకుండా రాయండి. ఆవనూనె పసిచర్మాన్ని రేపుతుంది. ఏప్రిల్, మే ఎండల్లో చెమటకాయలు లేస్తే కొన్నాళ్లు నూనె మానేయండి, పేరుకున్న నూనె వాటిని పెంచుతుంది.

ప్రశ్న: నాట్లకు పోయి వస్తా. మడమలు పగిలి నెత్తురొస్తున్నాయి. నూనె రాసినా తగ్గట్లేదు.
మిర్యాలగూడ

జవాబు: పొడి చర్మం మీద రాస్తే లాభం తక్కువ. నూనె తడిని పుట్టించదు, ఉన్న తడిని పోనీయదు. కాబట్టి పావుగంట గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, రాయితో మెల్లగా రుద్ది, అద్ది, తడి ఇంకా మిగిలుండగానే రాయండి. ఒట్టి నూనెకన్నా మైనం కలిపినది నిలుస్తుంది: 100 మిల్లీలీటర్ల నువ్వుల నూనెలో 20 గ్రాముల తేనెమైనం, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి చల్లార్చండి. చల్లారినదే వాడాలి, వేడి మైనం పగుళ్లలో పోసుకోవద్దు. పైన నూలు సాక్సులు. నెత్తురొచ్చే చోట రాయి తగలనీయొద్దు. షుగరుంటే నానబెట్టడాలు, రుద్దడాలు మాని డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: చుండ్రుకు వారానికి మూడుసార్లు కొబ్బరినూనె పెడుతున్నా, పెరుగుతోంది.
దేవరకొండ

జవాబు: పెరగడం సహజం. చుండ్రుకు తోడ్పడే మలసీజియా అనే శిలీంధ్రానికి నూనెలే మేత. నూనె ఆపండి. 2 శాతం కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, నురగ 5 నిమిషాలు మాడు మీద ఉంచి కడగండి. 4 వారాల్లో తగ్గకపోతే చర్మ వైద్యుని దగ్గరికి. నుదుట మొటిమలు కూడా ఉంటే వాటికీ ఆ జారే నూనే కారణం కావచ్చు.

ప్రశ్న: చలికాలం మా కొబ్బరినూనె గడ్డకట్టింది. కల్తీయా?
వనపర్తి

జవాబు: కాదు. సుమారు 24 డిగ్రీల కింద గడ్డకట్టడం దాని గుణం. సీసాను వేడినీళ్లలో పెట్టండి, పొయ్యి మీద కాదు.