పాఠకుల ప్రశ్నలు – జవాబులు: కవులు, కావ్యాలు, గడీలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి ప్రాంతాల విద్యార్థులు రాసినవే. డిగ్రీ పరీక్షలకూ, పోటీ పరీక్షలకూ ఒకే పుస్తకాలను తిరగేస్తున్నవారికి ఒకే రకమైన సందేహాలు రావడం సహజం. వాటిలో నాలుగింటిని ఎంచుకొని, ప్రశ్నలను కొంత కుదించి ఇక్కడ ఇస్తున్నాము.

ప్రశ్న: ‘గోలకొండ కవుల సంచిక’ గురించి మా పాఠ్యపుస్తకంలో రెండే వాక్యాలు ఉన్నాయి. తెలంగాణలో కవులు లేరన్న నిందకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో దానిని వెలువరించారని మాత్రమే రాశారు. దీనిపై పెద్ద ప్రశ్న వస్తే ఏమి రాయాలి? – డిగ్రీ విద్యార్థిని, నల్లగొండ

జవాబు: మీ పుస్తకం చెప్పినది తప్పు కాదు గాని, ఆ రెండు వాక్యాలు చదివితే 1934లో ఎవరో ఏదో అన్నందుకు రోషం వచ్చి ఒక సంచిక వేశారన్న అభిప్రాయం మిగులుతుంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులు శూన్యమన్న ముడుంబై వెంకట రాఘవాచార్యుల వ్యాఖ్య నిప్పురవ్వ వంటిదే, సందేహం లేదు. అయితే ఆ రవ్వ అంటుకోవడానికి అంతకు ముందు ముప్పయి ఏళ్లుగా పోగవుతూ వచ్చిన పరిస్థితి ఉన్నది. మీ జవాబును అక్కడ మొదలుపెట్టండి.

రాజ్యంలో పాలనకూ న్యాయస్థానాలకూ ఉర్దూయే భాష. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే సాగింది. భారతీయ భాషలో ఉన్నత విద్య నేర్పిన విశ్వవిద్యాలయంగా దానికి గౌరవం దక్కవలసిందే గాని, జనసంఖ్యలో అధికులైన తెలుగువారికి ఆ భాష ఇంటి భాష కాదు. సభ జరుపుకోవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని ‘గస్తీ నిషాన్ 53’ అనే ప్రభుత్వ ఉత్తర్వు నిర్దేశించింది. ఇటువంటి చోట గ్రంథాలయం పెట్టడమూ, పత్రిక నడపడమూ సాహిత్య సేవతో ఆగిపోయే పనులు కావు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏర్పడింది. 1921 నవంబరులో వివేకవర్ధినీ నాటకశాలలో సంఘ సంస్కర్త కర్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభలోని కొందరు గేలి చేసి అల్లరి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్రజన సంఘం పుట్టింది. మరుసటి ఏడాది, 1922లో, మీ నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ‘నీలగిరి’ పత్రికను, ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు ‘తెనుగు’ పత్రికను తెచ్చారు. రాజధానికి దూరంగా ఒక జిల్లా కేంద్రంలోనూ, ఒక పల్లెలోనూ పత్రికలు పుట్టాయన్న సంగతిని మీ జవాబులో తప్పక చేర్చండి. 1926 మే 10న ప్రతాపరెడ్డిగారి ‘గోలకొండ’ పత్రిక వచ్చింది. సంచిక దాని కడుపున పుట్టినది.

ఇక సంచిక విలువ దేనిలో ఉన్నది? చాలామంది 354 అన్న అంకె దగ్గర ఆగిపోతారు. నా దృష్టిలో అంకె కన్న ముఖ్యమైనది కవి పేరుకు ఊరి పేరు తోడుగా నిలవడం. కవులు లేరన్న మాటకు వాదంతో జవాబు చెప్పి ఉంటే అది ఆ ఏటితోనే సమసిపోయేది. ఫలానా ఊరిలో ఫలానా వారు పద్యం రాస్తున్నారని చూపినప్పుడు మాత్రం ఎదుటివారికి ఎత్తిపొడవడానికి ఏమీ మిగలదు. స్త్రీలు రాసిన పద్యాలను కూడా చేర్చడం ఆనాటికి చిన్న విషయం కాదు. అయితే ఇందులోని పద్యాలన్నీ గొప్పవని రాయవద్దు. సంప్రదాయ ఫక్కిలో దైవస్తుతులు, నీతులు చెప్పిన సామాన్య రచనలకు అందులో కొరత లేదు. అది ఉత్తమ కవితల ఏరికూర్పు కాదు, ఒక ప్రాంతం వేసిన హాజరుపట్టిక. ఆ హాజరులో పద్యం రాయగలిగినవారే ఉన్నారనీ, గొల్లసుద్దులూ శారదకథలూ చెప్పుకొని బతికినవారికి అందులో చోటు లేకపోయిందనీ చివర ఒక మాట చేర్చండి. అది ప్రతాపరెడ్డిగారిని తక్కువ చేయడం కాదు. కవి అంటే పద్యకవి అన్నది ఆ కాలం పెట్టుకున్న కొలత.

ప్రశ్న: సురవరం ప్రతాపరెడ్డి రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను మా అధ్యాపకులు ఎంతో మెచ్చుకుంటారు. కాని కావ్యాలలో ఉన్నది కల్పన కదా, దానిని చరిత్రకు ఆధారంగా ఎలా తీసుకుంటారు? – పి.జి. విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: మీరు అడిగిన ప్రశ్న ఆ పుస్తకం చదివిన ప్రతివారూ అడగవలసినదే. 1949లో వెలువడి, 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన ఆ గ్రంథం, రాజుల వంశావళులను పక్కకు పెట్టి, జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ పండుగలు చేసుకున్నారు అని అడిగింది. ఈ సంగతులను శాసనాలు అంతగా చెప్పవు. శాసనం దానం గురించి, దాత గురించి, సరిహద్దుల గురించి చెబుతుంది. అందుకే ఆయన పాల్కురికి సోమనాథుని వద్దకు, క్రీడాభిరామం వద్దకు, ఆముక్తమాల్యద వద్దకు, శుకసప్తతి, హంసవింశతి వంటి కథాకావ్యాల వద్దకు వెళ్లారు.

కల్పనను నమ్మవచ్చునా అంటే, కవి దేనిని కల్పించడానికి పూనుకున్నాడో, దేనిని అనాలోచితంగా చెప్పుకుపోయాడో వేరు చేసి చూడాలి. నాయికా నాయకుల అందచందాలు, నగర వర్ణనలలోని మేడల ఎత్తు, దండయాత్రల పొడవు వెడల్పులు అన్నీ కావ్య మర్యాద కోసం వచ్చినవి. వాటి మధ్య దొర్లిపోయే కూరాకు పేరు, పూటకూలి ఇంటి ధర వంటివాటిని కల్పించవలసిన అవసరం కవికి ఉండదు. క్రీడాభిరామంలో ఓరుగల్లులోని లక్ష్మణవజ్ఝల ఇంట ఒక రూకకు దొరికే భోజనం వర్ణన ఉన్నది. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. ఊరికి వచ్చిన బాటసారికి డబ్బు తీసుకొని అన్నం పెట్టే ఇళ్లు ఉండేవన్న సంగతి ఇక్కడ గట్టిగా దొరుకుతుంది. అయితే ఓరుగల్లు జనమంతా ఇదే తిన్నారని రాస్తే మాత్రం తప్పు. రూక చేతిలో ఉన్నవాని విస్తరి అది.

శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోని వర్షాకాలపు పద్యం ఇంకా మంచి ఉదాహరణ. ముసురు పట్టిన వేళ రెడ్లు గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిస ఆకులను చింతచిగురుతో కలిపి నూనెతో వండుకొని, ఆరికల అన్నంతో తిని, మేకపెంటికల కుంపటి వేడిలో మంచమెక్కి పడుకుంటే లేగదూడలు వారి ఒళ్లు నాకుతూ ఉంటాయి. వినాయక చవితినాడు తుమ్మికూర వండుకునే మన ఇళ్లలో ఈ పద్యానికి టీక అవసరం లేదు. విజయనగర చక్రవర్తికి రైతు ఇంటి కూరాకుల పేర్లు ఇంతగా తెలియడం ముచ్చటైన విషయమే. కాని అదే పద్యంలో పశువులు పొలానికి పోయాయన్న ముక్క కూడా ఉన్నది. ఆ వానలో వాటి వెంట తడుస్తూ పోయినవారు ఎవరు? కవి చూపు మంచం దగ్గరే ఆగిపోయింది. ఆ పశులకాపరి ఏమి తిన్నాడో, ఎక్కడ పడుకున్నాడో పద్యం చెప్పదు. కావ్యాన్ని ఆధారంగా తీసుకోవడమంటే అది చూపినదానిని స్వీకరించడమూ, అది చూడనివారిని గుర్తుపట్టడమూ రెండూ చేయాలి. మొదటి పనిని ప్రతాపరెడ్డిగారు దాదాపు ఒంటిచేత్తో చేసి పెట్టారు. రెండవదానికి కులపురాణాలు, పనిపాటలు, గ్రామ రెవెన్యూ కాగితాలు కావాలి. పి.జి. చేస్తున్నారు గనుక మీ ఊరిలో బొమ్మల పటం చూపి కులపురాణం చెప్పే ఒక పటం కథకుని వద్ద కూర్చుని కథ మొత్తం రాసుకోండి. అది మీ పరిశోధన వ్యాసానికి అరువు తెచ్చుకున్న పది ఉటంకింపుల కన్న ఎక్కువ ఉపయోగపడుతుంది.

ప్రశ్న: సంస్థానాధీశులు, జాగీర్దార్లు, దేశ్‌ముఖులు అందరూ ఒకటేనా? మా వనపర్తి రాజావారు విసునూరు దొర వంటివారేనని ఒక మిత్రుడు వాదిస్తున్నాడు. – పోటీ పరీక్షల అభ్యర్థి, వనపర్తి

జవాబు: ఒకటి కాదు. జనానికి ఎవరైనా దొరే కావడం వల్ల ఈ గందరగోళం వచ్చింది. హైదరాబాదు రాజ్యపు భూమిలో సుమారు 60 శాతం ప్రభుత్వానికి నేరుగా శిస్తు కట్టే దివానీ ప్రాంతం. సుమారు 10 శాతం నిజాం సొంత ఖర్చుల కోసం ఉన్న సర్ఫ్-ఎ-ఖాస్. మిగిలిన 30 శాతం జాగీర్లు మొదలైనవి. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలపేట వంటి సంస్థానాలు నిజాంకు పేష్కషు, అంటే కప్పం, కట్టి తమ పరిధిలో తామే పాలించుకున్న పాత రాజవంశాలవి. జాగీర్దారు నిజాం ఇచ్చిన ఊళ్ల శిస్తును అనుభవించేవాడు. దేశ్‌ముఖు ఈ రెండు కోవలకూ చెందడు. అతడు మొదట దివానీ గ్రామాలలో శిస్తు వసూలు చేసే ఉద్యోగి. మొదటి సాలార్‌జంగ్ సంస్కరణలతో ఆ వసూలు పని ప్రభుత్వోద్యోగుల చేతికి పోగా, దేశ్‌ముఖులకు పరిహారంగా రుసుములు దక్కాయి. తరువాత భూముల సర్వే, సెటిల్‌మెంట్ జరిగినప్పుడు కాగితాల సంగతి తెలిసినవారు వారే గనుక, సాగులో ఉన్న రైతుల భూములు సైతం వారి పేరున పట్టా అయ్యాయి. మీరు అడిగిన విసునూరు దొర, దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి చేతిలో దాదాపు 40 వేల ఎకరాలు ఉండేవని తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలు చెబుతాయి.

ఈ తేడాను పట్టించుకోకపోతే ఒక ముఖ్యమైన విషయం అర్థం కాదు. హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసిన 1948 నాటి పోలీసు చర్య తరువాత, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. మరి దేశ్‌ముఖుల భూములు ఏమయ్యాయి? అవి జాగీర్లు కావు, పట్టా భూములు. కనుక ఆ రద్దు వాటిని తాకలేదు. 1950 నాటి కౌలుదారీ చట్టం, ఆ తరువాత 1973 నాటి భూపరిమితి చట్టం రావలసి వచ్చింది. రెండు చట్టాల మధ్య గడిచిన కాలంలో భూమి ఎన్ని పేర్ల మీదికి మారి ఉంటుందో పాత పహాణీలు, అంటే ఊరి భూమి లెక్కల పుస్తకాలు, చూసినవారికి చెప్పనక్కరలేదు.

ఇక మీ మిత్రుని వాదనలో కొంత పస ఉన్నది. సంస్థానాలు పండితులను ఆదరించాయి, గద్వాలకు విద్వద్గద్వాల అన్న పేరు వచ్చింది, తిరుపతి వేంకట కవులు ఈ ఆస్థానాలకు వచ్చి అవధానాలు చేసి సత్కారాలు అందుకున్నారు. ఇదంతా నిజమే. కాని ఆ సత్కారాల సొమ్ము రైతు కట్టిన శిస్తులోనిదే. కూలి లేకుండా చేయించుకునే వెట్టి విషయానికి వస్తే దివానీ, జాగీరు, సంస్థానం అన్న భేదం లేదు. చాకలి బట్టలు ఉతికినా, కుమ్మరి కుండలు ఇచ్చినా, మాదిగ మోట బొక్కెనలకు తోలు కుట్టినా, బేగరి మూట మోసినా కూలి లేదు. వాన పడితే దొర పొలంలో అరక కట్టిన తరువాతనే రైతు తన చెలకలోకి వెళ్లాలి. పైన అప్పుగా ఇచ్చిన ధాన్యం మీద నాగు వడ్డీ. విసునూరు ప్రాంతంలో ఇది సాయుధ ప్రతిఘటనకు దారితీసింది గనుక చరిత్రకెక్కింది. పాలమూరు పల్లెలలో అదే బాధకు చాలాచోట్ల వలస దారి అయింది. తిరగబడిన ఊరి పేరు పుస్తకంలో ఉంటుంది, ఊరు విడిచిపోయినవారి పేర్లు ఉండవు. కనుక పరీక్షలో వ్యవస్థలను వేరువేరుగా నిర్వచించి, వెట్టి దగ్గర మాత్రం వాటిని కలిపి రాయండి.

ప్రశ్న: తెలంగాణ సాయుధ పోరాటంలో దొడ్డి కొమరయ్య అమరుడైన కడవెండి నల్లగొండ జిల్లాలో ఉన్నదని ఒక పుస్తకంలో, వరంగల్ జిల్లాలో అని మరొక దానిలో, జనగామ జిల్లాలో అని మూడవ దానిలో ఉన్నది. ఏది సరైనది? – ఇంటర్ విద్యార్థి, దేవరకొండ

జవాబు: మూడూ ఆయా కాలాలకు సరైనవే. 1946 జులై 4న కొమరయ్య తూటాలకు బలైన నాటికి జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. తరువాత అది వరంగల్ జిల్లాలో చేరింది. 2016 అక్టోబరులో జనగామ వేరే జిల్లా అయింది. చాకలి ఐలమ్మ ఊరు పాలకుర్తి సంగతీ ఇంతే. 1951 ఏప్రిల్ 18న భూదానోద్యమం మొదలైన పోచంపల్లి ఆనాడు నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. బూర్గుల రామకృష్ణారావు ఇంటిపేరుకు మూలమైన బూర్గుల గ్రామం అప్పుడు మహబూబ్‌నగర్‌లో ఉండగా, ఇప్పుడు రంగారెడ్డిలో ఉన్నది. అన్నట్టు, 1931లో ఆయన అధ్యక్షత వహించిన రెండవ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరిగినది మీ దేవరకొండలోనే. జిల్లా పేరు రాసేటప్పుడు ‘నాటి నల్లగొండ జిల్లా, నేటి జనగామ జిల్లా’ అని రెండూ రాస్తే మార్కు పోదు. బహుళైచ్ఛిక ప్రశ్నలలో రెండు జిల్లాల పేర్లూ ఇచ్చి ఒకటి ఎంచమంటే, ప్రశ్నలో ‘పోరాట కాలంలో’ అని ఉన్నదా, ‘ప్రస్తుతం’ అని ఉన్నదా ముందు చూసుకోండి.