రూకీ జీతాల పరిమితి, డ్రాఫ్ట్ లెక్కలు: మా అబ్బాయి ఇష్టపడుతున్న ఈ పనికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాము. ఇక్కడే పుట్టిన మా అబ్బాయి స్టాటిస్టిక్స్ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఏదైనా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు కార్యాలయంలో, ఆటగాళ్ల జీతాల లెక్కలు చూసే విభాగంలో పని చేయాలని అతని కోరిక. రూకీలు అనే కొత్త ఆటగాళ్ల జీతాల మీద ఉన్న పరిమితి డ్రాఫ్టును ఎలా మార్చిందన్న విషయం మీద ఇప్పుడు ఒక ప్రాజెక్టు చేస్తున్నాడు. నాకు ఇందులో చదువు కన్నా ఆట మీది మోజే ఎక్కువగా కనబడుతోంది. వచ్చే ఏడాది స్పోర్ట్స్ మేనేజ్‌మెంటుకు మారతానని కూడా అంటున్నాడు. అతనికి ఏమని చెప్పాలి?

జవాబు: మీ అబ్బాయి ఎంచుకున్న ప్రాజెక్టు ఆర్థికశాస్త్రానికి చెందినది, అందులోనూ బాగా లోతైన భాగానికి చెందినది. దాని స్వభావం మీకు తెలియకపోతే నా సలహాకు కారణం బోధపడదు కనుక, ఉద్యోగం మాట పక్కన పెట్టి, ముందుగా ఆ విషయాన్నే వివరిస్తాను.

మనకు తెలిసిన ఐపీఎల్‌లో ఆటగాడి ధర వేలంలో తేలుతుంది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో కాలేజీల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్ల విషయంలో వేలం ఉండదు. గత సీజన్‌లో అందరికన్నా వెనకబడిన జట్టుకు మొదటి అవకాశం ఇస్తూ, 32 జట్లు ఏడు రౌండ్లలో వంతుల వారీగా ఎంచుకుంటాయి; దీన్నే డ్రాఫ్ట్ అంటారు, 2025లో ఇలా 257 మందిని ఎంచుకున్నారు. ఎంపికైన ఆటగాడు ఆ జట్టుతోనే ఒప్పందం కుదుర్చుకోవాలి. వంతును వారు పిక్ అంటారు. ఈ పిక్‌లను జట్లు ఒకదానితో ఒకటి మార్చుకోవచ్చు, వచ్చే సంవత్సరాల పిక్‌లను కూడా ముందుగానే ఇచ్చివేయవచ్చు. అందువల్ల ప్రతి పిక్‌కూ ఒక విలువ ఏర్పడుతుంది, ఆ విలువను సరిగా కట్టడమే ఈ రంగంలోని అసలు పని.

2011కు ముందు ఆ విలువ కట్టడం చాలా కష్టంగా ఉండేది. మొదటి వరుసలో ఎంపికైన ఆటగాడి ఏజెంట్ గత ఏడాది అదే స్థానంలో ఎంపికైనవాడికి వచ్చిన మొత్తాన్ని చూపించి అంతకన్నా ఎక్కువ అడిగేవాడు, బేరం ఒక్కోసారి నెలల తరబడి సాగేది. 2007లో ఓక్లాండ్ రైడర్స్ మొదటి పిక్‌తో తీసుకున్న జమార్కస్ రసెల్ సీజన్ మొదలయ్యాక సెప్టెంబరులో గాని సంతకం చేయలేదు. ఆడినా ఆడకపోయినా 3 కోట్ల డాలర్లకు పైగా ఇస్తామన్న హామీ పొందిన ఆ క్వార్టర్‌బ్యాక్‌ను (బంతిని విసురుతూ దాడిని నడిపించే ఆటగాణ్ణి) జట్టు 2010లోనే వదిలించుకుంది. అదే 2010లో సెయింట్ లూయిస్ రామ్స్ మొదటి పిక్‌తో తీసుకున్న శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం దక్కింది, అందులో 5 కోట్లు హామీ మొత్తం. అప్పటికి అతను ప్రొఫెషనల్ ఆట ఒక్కటీ ఆడలేదు. ఓటముల వల్ల మొదటి పిక్ పొందిన బలహీనమైన జట్టు, ఎంపిక తప్పితే జీతాల భారంతో ఇంకా కుంగిపోయేది. ఆ స్థానాన్ని ఇంకొకరికి ఇద్దామన్నా కొనేవారు అరుదు.

ఇక్కడ మీ అబ్బాయి ప్రాజెక్టుకు పునాది వంటి పరిశోధన ఒకటి చెప్పాలి. తరువాతి కాలంలో, 2017లో, ఆర్థికశాస్త్రంలో నోబెల్ పొందిన రిచర్డ్ థేలర్, కేడ్ మాస్సీతో కలిసి 2005లో డ్రాఫ్ట్ మార్పిడులను, ఆటగాళ్ల జీతాలను, వారి ప్రదర్శనను పక్కపక్కన పెట్టి చూశారు. మొదటి పిక్‌లకు జట్లు అతిగా విలువ కడుతున్నాయని, జీతం పోగా మిగిలే లాభం మొదటి రౌండ్ చివర, రెండో రౌండ్ మొదట్లో ఎంపికైనవారి దగ్గర ఎక్కువని వారు తేల్చారు. నిపుణులైనవారు తమ అంచనా మీద తాము పెట్టుకునే అతి నమ్మకమే ఈ పొరపాటుకు మూలమని వారి వాదన.

2011లో లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన ఒప్పందం ఈ లెక్కను తిరగరాసింది. ప్రతి పిక్‌కూ దాదాపు ఖచ్చితమైన మొత్తం ముందే నిర్ణయమైంది. డ్రాఫ్ట్ అయిన ప్రతి ఒక్కరికీ ఒప్పందం నాలుగేళ్లు. మొదటి రౌండ్‌వారి విషయంలో మాత్రం ఐదో ఏడాది కూడా ఉంచుకునే హక్కు జట్టుకు ఉంటుంది. మూడు సీజన్లు పూర్తయ్యేదాకా ఎంత బాగా ఆడినా జీతం తిరిగి మాట్లాడుకోవడానికి వీల్లేదు. ఆ ఏడాది కరోలినా పాంథర్స్ మొదటి పిక్‌తో తీసుకున్న కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు సుమారు 2.2 కోట్ల డాలర్లు దక్కాయి, అదంతా హామీ మొత్తమే. అదే స్థానం, అదే క్వార్టర్‌బ్యాక్ పని, ఒక్క ఏడాది తేడాతో హామీ మొత్తం సగానికన్నా తక్కువకు దిగింది.

దీనితో వ్యూహం మారిన తీరులో అన్నిటికన్నా ముఖ్యమైనది క్వార్టర్‌బ్యాక్ విషయం. ఒక జట్టు తన ఆటగాళ్లందరి మీద ఏడాదికి ఖర్చు పెట్టగల మొత్తానికి శాలరీ క్యాప్ అనే కఠినమైన హద్దు ఉంది. 2011లో సుమారు 12 కోట్ల డాలర్లున్న ఆ హద్దు 2025లో 27.92 కోట్లకు చేరింది. ఒక చోట మిగిల్చినది మాత్రమే ఇంకో చోట ఖర్చు పెట్టగలరు. సియాటిల్ సీహాక్స్ 2012లో మూడో రౌండులో తీసుకున్న రసెల్ విల్సన్ 2013 సీజన్‌లో జట్టు మొత్తం హద్దులో ఒక్క శాతం కూడా తీసుకోలేదు. అలా మిగిలిన వెసులుబాటుతోనే క్లిఫ్ అవ్రిల్, మైఖేల్ బెనెట్ వంటి అనుభవజ్ఞులైన డిఫెన్స్ ఆటగాళ్లను ఆ జట్టు తెచ్చుకోగలిగింది, 2014 ఫిబ్రవరిలో లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది. 2017లో కాన్సస్ సిటీ చీఫ్స్ 27వ పిక్‌తో పాటు ఒక మూడో రౌండ్ పిక్‌ను, మరుసటి ఏడాది మొదటి రౌండ్ పిక్‌ను ఇచ్చి పదో స్థానానికి ఎగబాకి పాట్రిక్ మహోమ్స్‌ను తీసుకుంది. అతను నాలుగేళ్లకు సుమారు 1.64 కోట్ల డాలర్ల తొలి ఒప్పందంలో ఉండగానే జట్టుకు టైటిల్ వచ్చింది, ఆ వెంటనే పదేళ్లకు 45 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం వచ్చింది. అందుకే ఈ రంగంలోనివారు మంచి క్వార్టర్‌బ్యాక్ తక్కువ జీతంలో ఉండే ఆ నాలుగైదేళ్లను ఒక కిటికీగా భావించి, అది మూసుకోకముందే మిగతా జట్టును కట్టుకోవాలని తొందరపడతారు.

అయితే ధర మాయమైందని అనుకోకూడదు. డాలర్లలో చెల్లించనిదాన్ని జట్లు ఇప్పుడు పిక్‌ల రూపంలో చెల్లిస్తున్నాయి. 2012లో వాషింగ్టన్ రెండో స్థానం కోసం మూడు మొదటి రౌండ్ పిక్‌లు, ఒక రెండో రౌండ్ పిక్ రామ్స్‌కు ఇచ్చి రాబర్ట్ గ్రిఫిన్‌ను తీసుకుంది. అతను తొలి ఏడాది అద్భుతంగా ఆడి, మోకాలి గాయం తరువాత మునుపటి ఆటను అందుకోలేక, 2016లో ఆ జట్టు నుంచి వెళ్లిపోయాడు. జీతాల పరిమితి తప్పుడు ఎంపిక వల్ల కలిగే డబ్బు నష్టాన్ని తగ్గించింది గాని, అతి నమ్మకాన్ని తగ్గించలేదు. మాస్సీ, థేలర్ చెప్పిన మానసిక బలహీనత అలాగే ఉందని నా అభిప్రాయం, మీ అబ్బాయి తన ప్రాజెక్టులో నిలదీయవలసిన ప్రశ్న కూడా ఇదే.

రెండో మార్పు స్థానాల ఎంపికకు సంబంధించినది. పిక్‌కు నిర్ణయమైన మొత్తం ఆటగాడు ఏ స్థానంలో ఆడినా ఒక్కటే. బయటి మార్కెట్లో మాత్రం క్వార్టర్‌బ్యాక్‌కు, అతన్ని కాపాడే టాకిల్‌కు, ఎదుటి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకే ఎడ్జ్ రషర్‌కు పలికే ధర బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌కు పలకదు. 2018లో న్యూయార్క్ జెయింట్స్ రెండో పిక్‌తో రన్నింగ్ బ్యాక్ సాక్వాన్ బార్క్లీని తీసుకున్నప్పుడు, నాలుగేళ్లకు సుమారు 3.12 కోట్ల డాలర్లతో అతను సంతకం చేసిన రోజే తన స్థానంలో అత్యధిక వేతనం పొందేవారి వరుసలో చేరాడు. అతను గొప్ప ఆటగాడే, కాని జట్టుకు మిగిలినది తక్కువ. అదే పిక్‌తో ఖరీదైన స్థానంలోని ఆటగాణ్ణి తీసుకుని ఉంటే మిగులు ఎన్నో రెట్లు ఉండేది.

నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా తోచేది 32వ పిక్, అంటే మొదటి రౌండ్‌లో చిట్టచివరిది. దానికీ 33వదానికీ ఆటగాళ్ల నాణ్యతలో చెప్పుకోదగిన తేడా ఉండదు, కాని ఐదో ఏడాది హక్కు 32తో ఆగిపోతుంది. 2018లో బాల్టిమోర్ రేవెన్స్ ఫిలడెల్ఫియాతో మార్పిడి చేసుకుని 52వ స్థానం నుంచి 32కు ఎగబాకి లామార్ జాక్సన్‌ను తీసుకుంది. మరుసటి సీజన్‌కే అతను లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఆ హక్కు వల్ల 2022లో అతనికి సుమారు 2.3 కోట్ల డాలర్లు చెల్లిస్తే సరిపోయింది, ఆ ఏడాది అగ్రశ్రేణి క్వార్టర్‌బ్యాక్‌ల కొత్త ఒప్పందాలు సగటున ఏడాదికి 4 కోట్లు దాటాయి. నిబంధనల్లోని ఒక్క వాక్యాన్ని శ్రద్ధగా చదివినవారికి దక్కిన లాభం అది.

క్యాప్‌లోని ఖాళీని పెట్టి పిక్‌ను కొనడం కూడా సాధ్యమే. 2017లో హ్యూస్టన్ టెక్సన్స్ వదిలించుకోదలచిన బ్రాక్ ఆస్‌వైలర్ జీతం 1.6 కోట్ల డాలర్లను క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ తన మీద వేసుకుని, ప్రతిఫలంగా 2018 రెండో రౌండ్ పిక్ తీసుకుంది. దానితోనే నిక్ చబ్‌ను ఎంచుకుంది.

ఈ లెక్కలు నేర్చుకునేవారు వీటి వెనక మనుషులున్నారన్న సంగతి మరచిపోకూడదని నేను గట్టిగా నమ్ముతాను. 2022 డ్రాఫ్ట్‌లో చిట్టచివరి, 262వ పిక్‌తో వచ్చిన బ్రాక్ పర్డీ 2023 సీజన్‌లో 8.7 లక్షల డాలర్ల మూల వేతనంతో శాన్ ఫ్రాన్సిస్కోను సూపర్ బౌల్ దాకా నడిపించాడు. తరువాత అతనికి భారీ ఒప్పందం దక్కింది గాని, మూడో ఏడాదిలోపే గాయపడి వెళ్లిపోయేవారికి ఆ రోజు రాదు. 2011 ఒప్పందం మీద చర్చ జరిగినప్పుడు ఇంకా కాలేజీలోనే ఉన్న పిల్లలు ఆ బల్ల దగ్గర లేరు. నా దృష్టిలో ఈ పద్ధతి జట్లకు చేసిన మేలు కొత్త ఆటగాళ్లకు చేసిన దానికన్నా చాలా ఎక్కువ.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. ఈ పని నిజంగానే ఉంది. క్లీవ్‌లాండ్ జనరల్ మేనేజర్‌గా 2020లో నియమితులైన ఆండ్రూ బెరీ హార్వర్డ్‌లో ఆర్థికశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ చదివినవారు. 2022లో మినెసోటా వైకింగ్స్ అదే పదవికి తీసుకున్న క్వేసీ అడోఫో-మెన్సా అంతకుముందు వాల్ స్ట్రీట్‌లో పని చేశారు. కాని ఉన్నవి 32 జట్లు, ఒక్కో జట్టులో జీతాల లెక్కలు చూసేవారు వేళ్ల మీద లెక్కించదగినంత మంది. మొదటి ఉద్యోగంలో జీతం అదే చదువుతో బ్యాంకులో, సాఫ్ట్‌వేర్ సంస్థలో వచ్చేదానికన్నా తక్కువ, పని గంటలు ఎక్కువ, ఊరు మారక తప్పదు. ఇది చెప్పి అతన్ని ఆపమని నా ఉద్దేశం కాదు, తెలిసి దిగమని చెప్పడం.

అందువల్ల స్టాటిస్టిక్స్ వదలవద్దని మాత్రం స్పష్టంగా చెబుతాను. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ డిగ్రీ క్రీడారంగం దాటితే అంతగా పనికి రాదు, పైగా క్రీడారంగంలోని ఈ విభాగానికి కావలసినది గణితమే. స్టాటిస్టిక్స్‌తో పాటు కార్మిక చట్టాల మీద ఒక కోర్సు, ఒప్పందాల మీద ఒక కోర్సు, పైథాన్ లేదా ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో గట్టి పట్టు సంపాదించుకోవాలి. 2020లో కుదిరి 2030 సీజన్ వరకు అమలులో ఉండే ఒప్పంద పత్రం అందరికీ అందుబాటులో ఉంది, అందులో రూకీల అధ్యాయాన్ని అతను మొదటి నుంచి చివరి దాకా చదవాలి. ఉదాహరణకు సీజన్ మొదలయ్యేదాకా జట్టులోని అత్యధిక వేతనాలున్న 51 మంది మాత్రమే క్యాప్ లెక్కలోకి వస్తారు. కాబట్టి మొదటి ఏడాది 20 లక్షల డాలర్లు పడే రూకీ ఆ జాబితాలోకి రాగానే 8.4 లక్షలున్న చివరివాడు బయటికి పోతాడు, జట్టుకు కొత్తగా కావలసినది 11.6 లక్షలే. ఇంటర్వ్యూలో అడిగేవి ఇటువంటి ప్రశ్నలే.

లీగ్ ఏటా నిర్వహించే బిగ్ డేటా బౌల్ అనే గణాంక విశ్లేషణ పోటీలో విద్యార్థులు పాల్గొనవచ్చు, అందులో రాణించినవారిని జట్లు ఉద్యోగాల్లోకి తీసుకున్నాయి. మీ ఊరిలోనే డాలస్ కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం ఉంది కనుక వేసవి ఇంటర్న్‌షిప్‌కు ముందుగా అక్కడే దరఖాస్తు చేయించండి. ఆటగాళ్ల సంఘం, ఏజెంట్ల సంస్థలు కూడా ఇదే లెక్కను అవతలి వైపు నుంచి చేస్తాయన్నది అతనికి గుర్తు చేయండి. ఏజెంటుగా గుర్తింపు కావాలంటే సాధారణంగా మాస్టర్స్ గాని లా డిగ్రీ గాని అడుగుతారు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో విద్యార్థి వీసా మీద వెళ్లిన పిల్లలకు నేను ఇదే దారి చెప్పను, ఎందుకంటే చదువు తరువాత వారికి దొరికే పని గడువులోగా వీసాకు ముందుకొచ్చే యజమాని దొరకడం ఇంత చిన్న రంగంలో చాలా కష్టం. మీ అబ్బాయికి ఆ ఇబ్బంది లేదు.

మూడో సంవత్సరం చివరికల్లా ఒక ఇంటర్న్‌షిప్ గాని, పోటీలో చూపించదగిన పని గాని చేతిలో ఉండాలని అతనితో ఇప్పుడే అనుకోండి. అప్పటికి ఏదీ రాకపోతే అదే నైపుణ్యంతో బీమా, బ్యాంకు రంగాల ఉద్యోగాలకు నాలుగో సంవత్సరం మొదట్లోనే దరఖాస్తులు పెట్టడం మొదలుపెట్టాలి. ఈలోగా అతని ప్రాజెక్టును ఒకసారి మీ ముందు వివరించమని అడగండి, 32వ పిక్ దగ్గర ఆపి రెండు ప్రశ్నలు వేయండి.