గిలెటిన్ వేరు, చర్చ ముగింపు వేరు

సందేహం: ‘విపక్షాల నినాదాల మధ్య చర్చను గిలెటిన్ చేసి, పద్దులను మూజువాణి ఓటుతో ఆమోదించారు’ అని బడ్జెట్ వార్తలో చదివాను. చర్చ ముగించడాన్నే గిలెటిన్ అంటారా? దానికి తెలుగు మాట లేదా? ‘మూజువాణి’లో ఉన్నది సంస్కృత ‘వాణి’యేనా?

సమాధానం: చర్చ ముగించడమల్లా గిలెటిన్ కాదండీ. మాట్లాడింది చాలు, ఇక ఓటుకు పెట్టండి అని లోక్‌సభలో ఏ సభ్యుడైనా ప్రతిపాదించవచ్చు. సభ్యుల మాట్లాడే హక్కుకు అది అడ్డమని స్పీకర్‌కు తోస్తే తప్ప, సభ దానిమీద తేల్చాల్సిందే. ఇది క్లోజర్. ‘చర్చ ముగింపు ప్రతిపాదన’ అంటే చక్కగా సరిపోతుంది.

గిలెటిన్‌లో ఇలా అడిగేవాళ్లెవరూ ఉండరు. అక్కడ పెత్తనం గడియారానిది. పద్దుల (ఒక్కో శాఖ ఖర్చుకు సభ అనుమతి కోరే అభ్యర్థనల) చర్చకు కేటాయించిన చివరి రోజు సాయంత్రం 5 గంటలకు, లేదా స్పీకర్ ముందే చెప్పిన వేళకు, మిగిలిన పద్దులన్నీ ఓటుకు వచ్చేస్తాయి. ఒక్కరూ నోరు విప్పని శాఖలవి కూడా! కాబట్టి తెగేది పద్దులే. ‘చర్చను’ అనే బదులు ‘పద్దులను గిలెటిన్ చేశారు’ అనాలి.

ఫ్రెంచి విప్లవంలో తలలు తెగ్గొట్టిన యంత్రం పేరు ఇది. బ్రిటిష్ పార్లమెంటు 1887లో ఐర్లాండు బిల్లు విషయంలో ఈ పద్ధతి పట్టింది. దీన్ని ‘శిరశ్ఛేదం’ అని తెలుగు చేస్తే నవ్వొస్తుంది. మనకు ‘గంపగుత్త’ ఉందిగా! కాయలు ఏరకుండా, తూచకుండా గంపకు గంప బేరమాడేయడం. ‘మిగిలిన పద్దులను చర్చ లేకుండా గంపగుత్తగా ఆమోదించారు’ అని రాస్తే పల్లెటూరి పాఠకుడికీ విషయం అందుతుంది.

ఇక మూజువాణి. వినగానే వాగ్దేవి గుర్తొస్తుంది కానీ ఆమెకూ దీనికీ చుట్టరికం లేదు. ఉర్దూ ‘మూఁ జబానీ’ మన నోట్లో పడి ఇలా మారింది. మూఁ అంటే నోరు, జబాన్ అంటే నాలుక. రాతలో లేకుండా నోటితో చెప్పిందేదైనా మూజువాణే. ‘మూజు’ను పక్కనపెట్టి ‘వాణి ఓటు’ అని సంస్కరించబోయేవాళ్లను చూశాను. ఆ పని వద్దు.

2014లో ఈ మాట తెలుగువాళ్లందరి నోళ్లలో నానింది. విభజన బిల్లును తిప్పిపంపుతూ జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించింది మూజువాణితోనే. ఫిబ్రవరి 18న అదే బిల్లును లోక్‌సభ ఆమోదించిందీ మూజువాణితోనే.

ఒక జాగ్రత్త. మూజువాణి ఓటులో తలల లెక్క ఉండదు. ‘అవును’, ‘కాదు’ కేకల్లో ఏది గట్టిగా ఉందో సభాపతి చెవే తేలుస్తుంది. ఆ నిర్ణయం ఒప్పుకోని సభ్యులు డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు, కోరితేనే అంకెలు వస్తాయి. అందుకని ‘120 మంది మూజువాణి ఓటుతో సమర్థించారు’ అని రాయకూడదు.