పేను ఎక్కడి నుంచి పుడుతుంది? తల్మూద్‌ చదివిన సైంటిస్టులు దీనికేం చెబుతారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: రబ్బీలు, అంటే యూదు ధర్మపండితులు, రెండు వేల ఏళ్ల కిందట చెప్పినవాటిలో (వాళ్ల చర్చల సంకలనమే తల్మూద్) సైన్సుకు పొసగనివి చాలా ఉన్నాయి, పేను చెమటలోంచి పుడుతుందని కూడా ఉందట, మరి చదువుకున్న యూదులు దీన్ని ఎలా సమర్థించుకుంటారు?

అందరికీ కలిపి ఒక జవాబు లేదు. నేను ఇజ్రాయెల్‌లో రెహోవోత్‌లోని వైజ్మన్ ఇన్‌స్టిట్యూట్‌లో కొన్నేళ్లు పోస్ట్‌డాక్ చేశాను. నా పక్క బెంచీలో పనిచేసే ఆవిడ పక్కా మతనిష్ఠ ఉన్న యూదు, మంచి బయాలజిస్టు కూడా. పుస్తకాల్లో ఉన్నవాటి కంటే ఆవిడతో టీ తాగుతూ వాదించినవే నాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి. నాకు అర్థమైనంతలో వాళ్లు నియమాన్ని, దానికి చెప్పిన కారణాన్ని వేరుచేసి చూస్తారు. కారణం తప్పని తేలినా నియమం అలాగే ఉంటుంది. అయితే మనిషి ప్రాణం మీదకి వస్తే మాత్రం నియమమే పక్కకి జరుగుతుంది, అదీ చాలా త్వరగా.

ముందు పేను సంగతి. షబ్బాత్ రోజు, అంటే శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా, ప్రాణిని చంపకూడదు. కానీ బాబిలోనియా తల్మూద్‌లో పేనుకు మినహాయింపు ఉంది. వాదన ఇలా సాగుతుంది: పూర్వం దేవుడి గుడారానికి చర్మాల కోసం పొట్టేళ్లను కోశారు, ఈ నిషేధం అక్కడి నుంచి వచ్చింది. పొట్టేళ్లు పిల్లల్ని కంటాయి, పేలు కనవు, కాబట్టి పేనుకు ఇది వర్తించదు. రబ్బీ ఎలియేజర్ ఒప్పుకోలేదు. పేనును చంపినా ఒంటెను చంపినా ఒకటే అన్నాడు. ఆయన మాట నెగ్గలేదు. చెమటలోంచి పుడుతుందనేది తర్వాతివాళ్ల వివరణ, 12వ శతాబ్దపు పెద్ద ధర్మవేత్త మైమోనిడీస్ అలాగే రాశాడు.

ఇజ్రాయెల్‌లో బాలవాడీకి వెళ్లే పిల్లలున్న ఇంట్లో పేలు లేకపోతే వింతే. మా సహోద్యోగి ఒకసారి కూతురి తల నుంచి తీసిన వెంట్రుకను ల్యాబ్‌కి తెచ్చి మైక్రోస్కోప్ కింద పెట్టింది. ఈపి వెంట్రుకకు జిగురుతో గట్టిగా అంటుకుని ఉంది, పైన చిన్న మూత, మూతలో గాలి కోసం రంధ్రాలు. "చూశావుగా, ఇది గుడ్డు. ఇందులోంచే పేను వస్తుంది, నాకూ తెలుసు. అయినా వచ్చే షబ్బాత్‌కి పేను కనిపిస్తే నలిపేస్తాను. దువ్వెనతో మాత్రం దువ్వను" అంది. దువ్వితే వెంట్రుకలు ఊడతాయి, అది నిషేధం. పేను చంపడం ఇప్పటికీ అనుమతే, కొందరు జాగ్రత్తకి మానేస్తారు, అంతే.

ఎందుకలా అంటే, 20వ శతాబ్దపు రబ్బీ ఎలియాహు డెస్లర్ చెప్పిన దారిలో ఆవిడ నడుస్తుంది. నియమం సంప్రదాయంగా ముందు వచ్చింది, పేలు పిల్లల్ని కనవన్నది ఆ కాలపు విజ్ఞానంతో తర్వాత జోడించిన వివరణ, అది కూలినా నియమం కూలదు. మరికొందరు, కంటికి ఆనేంత పెద్దది కానిదాన్ని ధర్మశాస్త్రం లెక్కలోకి తీసుకోదు, ఈపి అలాంటిదే అంటారు. ఈ రెండోది నాకు అతకలేదు. ఈపులు కంటికి కనబడకపోతే మన అమ్మమ్మలు అరుగు మీద కూర్చోబెట్టుకుని ఏం ఏరారు?

ఈ గొడవ ఇప్పటిది కాదు. మాంసం మూతపెట్టిన సీసాలో ఉంచితే పురుగు పట్టదని ఇటలీలో ఫ్రాన్సెస్కో రెడి 1668లో చూపించాడు. ఆ తర్వాత ఫెరారా ఊరి రబ్బీ, పాడువాలో వైద్యం చదివిన ఇత్సాక్ లంప్రోంతి (1679–1756), సందేహం ఎత్తాడు: అన్ని ప్రాణులూ గుడ్డు నుంచే వస్తాయని తేలాక పేనును చంపకుండా ఉండటమే మంచిది కదా, పూర్వ పండితులు ఈ రుజువులు వింటే తమ మాట మార్చుకునేవారు కదా అని. ఆయన గురువు, మాంతువా రబ్బీ యెహూదా బ్రియెల్ ఒప్పుకోలేదు. బయటి పండితుల పరిశోధనల్ని బట్టి సంప్రదాయాన్ని కదిలించకూడదన్నాడు. గురుశిష్యుల ఈ వాదం ఇప్పటికీ తెగలేదు.

"మాట మార్చుకునేవారు" అని లంప్రోంతి ఊరికే అనలేదు. తల్మూద్‌లో అలా జరిగిన సందర్భం ఉంది, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. రాత్రిపూట సూర్యుడు ఎక్కడికి పోతాడు? ఇజ్రాయెల్ పండితులేమో ఆకాశపు కప్పు వెనక్కి వెళ్తాడన్నారు. అన్యజాతుల పండితులు భూమి కిందకి వెళ్తాడన్నారు. తల్మూద్‌కు మూలమైన మిష్నా అనే ధర్మసంహితను కూర్చిన యెహూదా హనాసీ, అంతటివాడు, "మన మాట కన్నా వాళ్ల మాటే సబబుగా ఉంది" అన్నాడు. కారణం, ఊటనీళ్లు పగలు చల్లగా, రాత్రి వేడిగా ఉంటాయట, కింద సూర్యుడు ఉన్నాడు కాబట్టి! కారణం తప్పే, కానీ వైఖరి చూడండి. తాము ఓడిన వాదాన్ని తమ పవిత్ర గ్రంథంలోనే రాసి ఉంచుకున్నారు. 12వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని రబ్బేను తామ్ మాత్రం దీన్ని మింగలేకపోయాడు. వాదనలో వాళ్లు గెలిచారు గానీ నిజం మనదేనని అన్నాడట.

మైమోనిడీస్ (1138–1204) ఆ దారి పట్టలేదు. ఈజిప్టులో వైద్యుడిగా బతికినవాడు. ఖగోళం గురించి పండితులు చెప్పిన ప్రతిదాన్నీ వాస్తవంతో సరిపెట్టమని నన్ను అడగకండి, వాళ్ల కాలానికి గణితం ఇంకా పూర్తిగా ఎదగలేదు, వాళ్లు ప్రవక్తల నుంచి విన్నది కాదు, తమ కాలపు విద్వాంసులుగా తెలిసింది చెప్పారు అని తేల్చేశాడు. ఆయన కొడుకు అబ్రహాం కూడా వైద్యంలో, ప్రకృతి విషయాల్లో వాళ్ల మాటను సమర్థించాల్సిన బాధ్యత మనకు లేదన్నాడు. కానీ అదే మైమోనిడీస్, ఏ గాయం, ఏ జబ్బు ఉన్న జంతువును తినకూడదో చెప్పే జాబితా దగ్గరికి వచ్చేసరికి గట్టిగా నిలబడ్డాడు. అందులో కొన్ని లోపాలతో జంతువు బతుకుతుందని వైద్యులు చెప్పినా సరే, జాబితా మారదన్నాడు. ఒకే మనిషిలో ఈ రెండూ ఎలా ఇమిడాయో తెలిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

మిగతా సగం నాకు ఆసుపత్రిలో తెలిసింది. ఎనిమిదో నెల నడుస్తుండగా ఒక శుక్రవారం రాత్రి నాకు నొప్పులు మొదలయ్యాయి. తెల్లారేసరికి పాప పుట్టింది, వెంటనే ఇంక్యుబేటర్‌లో పెట్టారు. ఫోన్‌లో అమ్మ గొంతు వణికింది. "ఎనిమిదో నెలా? ఏడో నెలైనా ఇంత భయం ఉండేది కాదే తల్లీ" అంది. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు అని మన ఇళ్లలో అనేది మీరూ వినే ఉంటారు.

పిల్లల డాక్టరు తల మీద కిప్పా, అంటే యూదుల చిన్న గుండ్రటి టోపీ, పెట్టుకున్న మతనిష్ఠ గల మనిషి. ఆ ఆసుపత్రిలో ఒక షబ్బాత్ లిఫ్ట్ ఉంది. షబ్బాత్ రోజు కరెంటు బటన్లు నొక్కడం నిషేధం కాబట్టి, ఎవరూ నొక్కనక్కర్లేకుండా దానంతటదే ప్రతి అంతస్తులో ఆగుతూ నిదానంగా వెళ్తుంది. ఆయన దానికోసం ఆగలేదు, మామూలు లిఫ్ట్ బటన్ నొక్కి పైకి వచ్చాడు. పాప ఆక్సిజన్ చూసి, నంబర్లు కంప్యూటర్‌లో ఎక్కించి, నర్సుకు ఏదో చెప్పి వెళ్లాడు. మామూలు శనివారం ఇంట్లో లైటు స్విచ్ కూడా వేయని మనిషి. ప్రాణాపాయం ఉందన్న అనుమానం వచ్చినా చాలు, షబ్బాత్‌ను పక్కన పెట్టాల్సిందేనన్నది వాళ్ల ధర్మం.

ఆదివారం, అక్కడ పనిదినం, మా సహోద్యోగి చూడటానికి వచ్చింది. అమ్మ మాట చెబితే పకపకా నవ్వింది. "మీ అమ్మగారు తల్మూద్ చదివారా?" అంది. అందులోనూ అచ్చం అదే ఉందట: ఏడు నెలల బిడ్డ బతుకుతుంది, ఎనిమిది నెలల బిడ్డ రాయితో సమానం, షబ్బాత్ రోజు కదిలించకూడదు, తల్లి మాత్రం వంగి పాలివ్వవచ్చు. ఇది యూదుల సొంత ఊహ కాదు, హిప్పోక్రటీస్ పేరిట ఉన్న గ్రీకు వైద్య గ్రంథాల్లోనూ ఇదే ఉంది. ఆ కాలంలో అందరూ నమ్మిన వైద్యమే ఇది. అక్షరాలా పాటించి ఉంటే ఆ డాక్టరు మా పాప కోసం ఆ బటన్ నొక్కకూడదు.

మరి ఎలా నొక్కాడు? తల్మూద్ కాలంలోనే ఒక సందు వదిలారు. జుట్టు, గోళ్లు పూర్తిగా ఉంటే అది ఏడు నెలల బిడ్డే, బయటికి రావడం ఆలస్యమైందని లెక్కేయవచ్చు. తర్వాత, ఇజ్రాయెల్‌లోని బ్నేయ్ బ్రాక్ ఊళ్లో ఉండి 1953లో పోయిన 'ఖజోన్ ఈష్' అనే పెద్ద రబ్బీ, ఈ రోజుల్లో ఇలాంటి బిడ్డను కాపాడటానికి షబ్బాత్‌ను మీరవచ్చని రాశాడు. ఇంక్యుబేటర్లు వచ్చాక ఎవరికీ ఆ అనుమానమే లేదు. "ప్రకృతి మారిపోయింది" అనే పాత సమాధానం ఒకటుంది, మధ్యయుగపు వ్యాఖ్యాతలు ఇలాంటి చిక్కులకు అదే చెప్పేవారు. దాని గురించి అడిగితే మా సహోద్యోగి, "రెండు వేల ఏళ్లలో మనిషి గర్భం మారిపోయిందా? బయాలజిస్టునై ఉండి నేనా మాట అనను" అంది. మా పాప ఇప్పుడు స్కూలుకెళ్తోంది. అమ్మ ఇప్పటికీ దాన్ని ఏడో నెల బిడ్డనే చెబుతుంది, అది వేరే సంగతి.

అలాగని రబ్బీలకు పరిశీలన తెలియదనుకోవద్దు. సెప్పోరిస్ ఊళ్లో నలుగురు అక్కచెల్లెళ్ల కథ ఉంది. ముగ్గురి కొడుకులు సున్తీ తర్వాత చనిపోయారు. నాలుగో ఆమె వస్తే, నీ కొడుక్కి చేయించవద్దన్నాడు రబ్బాన్ షిమోన్ బెన్ గమ్లియేల్. ఆ జబ్బు తల్లి వైపు నుంచి వస్తుందని పసిగట్టారన్నమాట. రక్తం గడ్డకట్టని హీమోఫీలియా అయి ఉంటుందని ఇప్పటి డాక్టర్ల అంచనా. ఇంకో రబ్బీ చీమలకు రాజు ఉన్నాడో లేదో తేల్చడానికి ఎండలో బట్ట పరిచి నీడ చేశాడు. ఒక చీమకు గుర్తు పెట్టాడు, అది వెళ్లి మిగతావాటిని తీసుకొచ్చింది. అప్పుడు బట్ట తీసేస్తే ఎండ తగిలి అవి ఆ చీమను చంపేశాయి. రాజుంటే అనుమతి లేకుండా చంపవు కదా, కాబట్టి లేడన్నాడు. దానికి మరో పండితుడు, రాజు ఆ గుంపులోనే ఉన్నాడేమో, ముందే అనుమతి ఉందేమో, ఒక రాజు పోయి మరొకడు రాకముందేమో అని మూడు అభ్యంతరాలు పెట్టాడు. నా పేపర్లకు వచ్చిన రివ్యూలు గుర్తొచ్చాయి.

నాకు చిరాకు తెప్పించేది మాత్రం "ఇవాళ కనిపెట్టినవన్నీ మన గ్రంథాల్లో ఎప్పుడో ఉన్నాయి" అనే బ్యాచ్. మనకే కాదు, వాళ్లకూ ఉన్నారు. హీమోఫీలియా కథను ఫార్వర్డ్ చేస్తారు, ఎనిమిదో నెల సంగతి దాచేస్తారు. విశ్వం వయసు గురించి కూడా ఇదే తంతు. దీని గురించి పెద్దగా చెప్పను, సైన్సు చదివిన యూదులు దాన్ని పెద్ద సమస్యగా చూడరు. మరీ ఛాందస వర్గాల్లో అలా కాదు. పండితులు సైన్సులో పొరబడి ఉండవచ్చని రాసినందుకు 2004-05లో నాతన్ స్లిఫ్కిన్ అనే రబ్బీ పుస్తకాలను పెద్ద పెద్ద రబ్బీలు నిషేధించారు. మైమోనిడీస్ కొడుకు చెప్పిందే ఆయనా చెప్పాడు. అయినా తప్పలేదు.

ప్రాణంతో పనిలేని చోట ఎంత నిదానమో వాళ్ల పంచాంగంలో కనిపిస్తుంది. సగటు చాంద్రమాసం 29 రోజుల 12 గంటల మీద, గంటలో 1080 వంతుల్లో 793 వంతులు అని లెక్క. నిజమైన దానికి అర సెకను పైచిలుకు తేడా, అంతే! సంవత్సరం లెక్క మాత్రం కొంచెం ఎక్కువ. దాంతో పస్కా పండుగ రెండు వందల ఏళ్లు దాటేసరికి ఒక రోజు ఆలస్యమవుతోంది. అందరికీ తెలుసు. మార్చే అధికారమున్న మహాసభ ఇప్పుడు లేదు కాబట్టి ఎవరూ ముట్టుకోరు. పూర్వ సిద్ధాంతం, దృగ్గణితం అని మన పంచాంగకర్తలు పోట్లాడుకోవడం చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

ఇప్పుడు నడుస్తున్న గొడవ చేపలది. చేప మాంసంలో ఉండే పురుగు చేపలోనే పుడుతుంది కాబట్టి తినవచ్చని పాత నియమం. అనిసాకిస్ అనే పురుగును చేప బయటి నుంచే మింగుతుందని ఇప్పుడు తెలుసు. 2010 ప్రాంతంలో అమెరికాలో కొందరు రబ్బీలు సముద్రంలో పట్టిన సాల్మన్‌ వద్దన్నారు, ఇంకొందరు పాత నియమమే చాలన్నారు. మా సహోద్యోగి పెంపకపు సాల్మన్ మాత్రమే కొంటుంది. వాళ్లాయన ఏదైనా తింటాడు.