ఇబ్నె ఇస్‌హాఖ్ రాసిన ప్రవక్త చరిత్రను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రవక్త ముహమ్మద్ 632లో కన్నుమూశారు, ఇబ్నె ఇస్‌హాఖ్ 767 ప్రాంతంలో పోయాడు, ఇంత ఎడం ఉన్న జీవితచరిత్రను నమ్మేదెలా అని అడిగారు. నేను ముస్లింని. ఈ ప్రశ్న నన్ను చాన్నాళ్లు నిద్రపోనివ్వలేదు.

చిన్నప్పుడు కర్నూల్లో మా దాదీ చెప్పేది: మక్కా వదిలి వెళ్లేటప్పుడు ప్రవక్త, ఆయన సహచరుడు అబూబకర్ సౌర్ గుహలో దాగితే వాకిట్లో సాలీడు గూడు కట్టింది, పావురాలు గుడ్లు పెట్టాయి, వెతకవచ్చినవాళ్లు వెనక్కి మళ్లారు. అరబీ నేర్చుకున్నాక, ఇబ్నె ఇస్‌హాఖ్ రచనను తర్వాత కుదించి రాసిన ఇబ్నె హిషామ్ గ్రంథంలో ముందుగా ఆ ఘట్టమే తీశాను. గుహ ఉంది, మూడు రోజులు దాగడం ఉంది. అబూబకర్ కొడుకు పగలంతా ఖురైషుల (వీళ్లను వెతికే మక్కా తెగవాళ్ల) మాటలు విని రాత్రికి వచ్చి చెప్పడం, అబూబకర్ విడిపించిన బానిస ఆమిర్ వెనకే గొర్రెల్ని తోలి అడుగుజాడలు చెరపడం కూడా ఉన్నాయి. సాలీడు లేదు, పావురాలు లేవు. అవి తర్వాతి చరిత్రకారుడు ఇబ్నె సఅద్ (మరణం 845) దగ్గర దొరికాయి. గుహ మాత్రం ఖురాన్‌లోనే ఉంది (9:40). ఒకే కథలో మూడు పొరలు!

అప్పటినుంచి ఏ ఘట్టానికి ఆ ఘట్టాన్నే తూస్తున్నాను. ఇబ్నె ఇస్‌హాఖ్ మూలగ్రంథం పూర్తిగా మిగల్లేదు. మనం చదివేది ఎక్కువగా ఇబ్నె హిషామ్ కుదించినది. కొన్ని సంగతులు, నిపుణులు గుర్తించని కవితలు వదిలేశానని ఆయనే ముందుమాటలో ఒప్పుకున్నాడు. ఇంకో పాఠం, యూనుస్ ఇబ్నె బుకైర్‌ది, కొంతభాగమే దొరికింది. దాన్ని 1976లో రబాత్‌లో అచ్చువేయించినది మన హైదరాబాద్‌వాడైన ముహమ్మద్ హమీదుల్లా.

మధ్యకాలం ఖాళీ ఏమీ కాదు. ఇబ్నె ఇస్‌హాఖ్ గురువు జుహ్రీ, జుహ్రీకి చెప్పినవాళ్లలో ప్రవక్త భార్య ఆయిషా అక్క కొడుకు ఉర్వా. ఆ ఉర్వా ఖలీఫా అబ్దుల్ మలిక్‌కు రాసిన ఉత్తరాలను తర్వాతి చరిత్రకారుడు తబరీ భద్రపరిచాడు. అలాంటి చోట నాకు నమ్మకం ఎక్కువ.

ఇబ్నె ఇస్‌హాఖ్ తర్వాత ప్రవక్త యుద్ధాల చరిత్ర రాసిన వాఖిదీ (మరణం 823) దగ్గర మాత్రం జాగ్రత్త. ఖర్రార్ అనే చోటికి పంపిన దాడికి ఇబ్నె ఇస్‌హాఖ్ ఒకటి రెండు వాక్యాలే ఇచ్చాడు: ప్రవక్త సహచరుడు సఅద్ ఎనిమిదిమందితో వెళ్లి పోరు లేకుండా తిరిగొచ్చాడు. వాఖిదీ దగ్గరికొచ్చేసరికి వాళ్లు ఇరవైమంది దాకా అయ్యారు, ఏ నెలలో జరిగిందో చేరింది, పగలు దాగి రాత్రి నడిచామని సఅద్ నోటిమాటే చేరింది. కాలం గడిచేకొద్దీ వివరం పెరగడం చరిత్రకారిణి పట్రీషియా క్రోన్ 1987లో ఎత్తిచూపింది. ఆమె నిర్ణయాలు చాలావాటితో నేను ఏకీభవించను, ఈ ఒక్కటి కాదనలేను.

అయితే ఎవరి నుంచి ఎవరు విన్నారో చెప్పే ఉల్లేఖకుల పరంపర లేనంత మాత్రాన కొట్టిపారేయకండి. మదీనావాసులతో ప్రవక్త చేసుకున్న మదీనా ఒడంబడికను ఇబ్నె ఇస్‌హాఖ్ ఉల్లేఖకుల పేర్లే లేకుండా ఇచ్చాడు. అయినా గట్టిగా అనుమానించే పండితులు కూడా దాన్ని ప్రాచీనమనే ఒప్పుకుంటారు, యూదులను ముస్లింలతో కలిపి ఒకే సమాజంగా చెప్పే పత్రాన్ని తర్వాతివాళ్లెవరూ కల్పించరు కనుక.

చదివేటప్పుడు ‘జఅమూ’ అనే మాట దగ్గర ఆగండి, ‘అలా అంటారు’ అని. తనకే నమ్మకం చాలనిచోట ఇబ్నె ఇస్‌హాఖ్ తరచూ ఆ మాట వాడతాడు.